చీకట్లో చూడాల్సిన సరుకు

"మీ నాన్నతో చెప్పు, నేను తినను."

"అన్నయ్య తినడంట నాన్నా."

"మానెయ్యమను. కడుపు కాలితే అదే వస్తాది కంచం దగ్గరికి."

"మానెయ్యమంటన్నారు అన్నయ్యా."

"నాకూ చెవులున్నాయి. వినపడింది."

"వినపడితే మరి మధ్యన నేనెందుకు?" అని సింధు పప్పుగిన్నె బల్ల మీద ఠక్కున పెట్టింది.

ఆంబోతుల పోట్లాటలో లేగదూడ కాళ్ళు విరిగినట్టు, మూడు రోజులుగా ఆ పిల్ల ప్రాణం విసిగిపోయింది. మంగళవారం సాయంత్రం ప్రదీప్ ఆట మధ్యలో లేచి కంప్యూటర్ మానిటర్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. తెర నెర్రెలిచ్చింది. అప్పటినుంచి తండ్రీ కొడుకులకు మాటల్లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, డిగ్రీ రెండో ఏడు చదువుకునే ఆడపిల్లని రాయబారానికి తిప్పుతున్నారు. సిగ్గుండాలి ఇద్దరికీ.

రంగనాథం మజ్జిగ పోసుకుంటూ గోడకి చెప్పినట్టు అన్నాడు.

"తెర పాడైపోయిందంట, తెర! ఆడలేక మద్దెల ఓడన్నదంట ఎనకటికి ఒకతి."

ప్రదీప్ తల ఎత్తాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి తండ్రితో నేరుగా మాట్లాడాడు.

"మద్దెలే ఓడు నాన్నా. ఒట్టు. ఆటలో సొరంగంలోకి దూరితే నల్లగుడ్డ కప్పేసినట్టుంటంది. నాతో ఆడే మిగతా నలుగురికీ దాక్కున్న మనిషి కనపడతన్నాడు, నాకే కనపడతల్లేదు. పక్కనుంచి వచ్చి కొట్టేస్తన్నారు. నెల్లో మూడు ఆటలు పోయాయి. ఆదివారం ఆట కూడా పోతే నన్ను తీసుకోరు."

ఆదివారం ఆట అంటే ఈ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. విశాఖపట్నంలో ఐదుగురు ఆడే జట్టు. పోటీలకి ఊళ్ళు తిరుగుతుంది, జీతాలిస్తుంది. ఒక చోటు ఖాళీ అయింది. ఇరవై రెండేళ్ళ ప్రదీప్ ఆ చోటు కోసం ఆరేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

అన్నం వారుస్తున్న కన్యాకుమారి కొడుకు మాటల్లో రెండే రెండు విన్నది. చీకట్లో కనపడతల్లేదు. పక్కనుంచి వచ్చి కొట్టేస్తన్నారు.

ఆ మాటలు ఆవిడకి కొత్త కాదు. నెల్లిమర్లలో పుట్టింటివారి కిరాణా కొట్టు వెనక గోదాములో అన్నయ్య మోహనకృష్ణ సరిగ్గా ఇరవై రెండేళ్ళ వయసులో అన్నాడు, "బల్బు గుడ్డిగా ఉన్నాది నాన్నా" అని. నాన్న గుమాస్తాని తిట్టి బల్బు మార్పించాడు. నెల తిరక్కుండా మళ్ళీ మార్పించాడు. మూడో బల్బు కూడా గుడ్డిదే అయ్యేసరికి నాన్న నోరు మూసుకున్నాడు. ముప్ఫై వచ్చేసరికి అన్నయ్యకి పట్టపగలు కూడా చెయ్యి పట్టుకునే మనిషి కావలసి వచ్చింది. రేచీకటితో మొదలై అన్నీ తినేసింది ఆ జబ్బు.

కన్యాకుమారికి సంబంధాలు చూసేటప్పుడు నాన్న ఆమెను గదిలోకి పిలిచి కథ ఒకటి నేర్పాడు. దీపావళినాడు చిచ్చుబుడ్డి ముఖం మీద పేలింది, కళ్ళు పోయాయి. ఎవరడిగినా అంతే. పాతికేళ్ళుగా అత్తవారికి, మొగుడికి, చివరికి తన పిల్లలకి కూడా ఆవిడ అదే చెప్పింది. చెప్పీ చెప్పీ ఆ దీపావళి తను కూడా చూసినట్టే ఉండేది.

చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది.

"కొనెయ్యండి" అంది.

"ఏటి?"

"కొత్త మానిటర్. ఆదివారం లోపల కొనెయ్యండి."

"నీకేటి మతి పోయిందేటే? గుద్ది పగలగొట్టినోడికి బహుమానమా?"

"నా మీద ఒట్టు. కొనెయ్యండి."

పెళ్ళైన నాటినుంచి ఇది కావాలి అని నోరు తెరిచి అడగని మనిషి. రంగనాథం మజ్జిగ గ్లాసు కింద పెట్టి భార్య వంక చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. కొత్త తెర మీద పిల్లాడికి అన్నీ కనపడితే చాలు. పాడైనది ఆ గాజుముక్కే అయితే చాలు. ఇంకేమీ వద్దు తండ్రీ, ఏడుకొండలవాడా, నీ కొండకి నడిచి వస్తాను అని లోపల్లోపల మొక్కుకుంటోంది.

"సరే" అన్నాడు రంగనాథం. "నేను వచ్చి సూసి కొంటాను. సరుకు ఎలా సూడాలో నాకు ఒకడు సెప్పక్కర్లేదు. కానీ ఒక్క మాట. ఈ తెర కూడా పాడే అన్నాడంటే, సోమవారం నుంచి మన కొట్లో కూచుని చీరలు మడతెట్టాల. సెప్పు వాడితో."

"విన్నాడు" అంది సింధు.

*

మర్నాడు పదకొండు గంటలకి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటో దిగారు ముగ్గురూ. సింధు కాలేజీకి పోయింది. ఎండ చుర్రుమంటోంది. ప్రదీప్ ఆటో దిగి గబగబా నడిచి షాపులోకి వెళ్ళాడు, ఎక్కడా తడబడలేదు. కన్యాకుమారి ఊపిరి పీల్చుకుంది. అనవసరంగా భయపడ్డాను, పాడు మనసు అనుకుంది. అయినా ఆ మనసు ఊరుకుంటుందా? నాలుగు నెలలుగా వీడు సాయంత్రం పూట స్కూటరు ముట్టుకోవడం లేదు, హెడ్‌లైటు బాగాలేదంటాడు అని వెంటనే గుర్తుచేసింది.

గిరిబాబు కంప్యూటర్ల షాపు ఇరుకుగా ఉన్నా గోడ నిండా తెరలే. రంగనాథాన్ని చూడగానే కుర్చీ లాగాడు.

"రండి రంగనాథంగారూ! మా చెల్లి పెళ్ళి పట్టుబట్టలు మీ దగ్గరే కదా కొన్నాం. ఏటి బాబూ, గేమింగ్‌కా? ఇది సూడు. ముప్ఫై రెండు అంగుళాలు."

రంగనాథం దాని అంచు వేలితో తడిమాడు.

"ఇదేటి వంకరగా ఉన్నాది? డ్యామేజీ సరుకా?"

"అది వంపండీ. ఆడినోడి సుట్టూ తిరిగినట్టు ఉంతాది. ఎడమా కుడీ అన్నీ కళ్ళ ముందరే."

"అంత పెద్దది వద్దు" అన్నాడు ప్రదీప్. "చిన్నది చూపించండి."

గిరిబాబు నవ్వాడు. "ఈ కుర్చీలో కూచున్న కుర్రాడెవడూ చిన్నది అడగలేదు బాబూ. ఇంటోళ్ళు సిన్నది అంటారు, పిల్లలు పెద్దదంటారు. మీ ఇంట్లో తిరగబడిందేటి?"

"పెద్దదైతే చివర్లు అందవు" అన్నాడు ప్రదీప్ నెమ్మదిగా.

కన్యాకుమారి కొడుకుని చూసింది. వాడు తెర ముందు కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒక్కొక్క మూలకీ ముఖం మొత్తం తిప్పి చూస్తున్నాడు. మనం కళ్ళు తిప్పి చూసేదాన్ని వాడు మెడ తిప్పి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అన్నం పెడుతూ ఎదురుగా కూర్చున్న నాకు ఇది కనపడలేదే, నా కళ్ళు పేలిపోను అనుకుంది.

గిరిబాబు మధ్యరకం మూడు తెరలు బల్ల మీద వరసగా పెట్టాడు. మామూలు తెర మీద బొమ్మ సెకనుకి అరవైసార్లు మారుతుందనీ, ఇవి నూట నలభై నాలుగుసార్లు మారుస్తాయనీ, పరిగెత్తే మనిషి జాడ అలుక్కుపోకుండా ఉంటుందనీ వివరించాడు.

"ఎన్నిసార్లు మారితే మాకేటి గానీ, రంగు దిగదు కదా?" అన్నాడు రంగనాథం. "ఏదీ, ఆ నడిమిది గుమ్మంలోకి తెప్పించు. ఎండలో సూడాల."

"ఎండలోనా?"

"ముప్ఫై ఏళ్ళుగా బట్టలమ్మతన్నాను బాబూ. దీపాల కింద ప్రతి సరుకూ మెరుస్తాది. పగటి వెలుతుర్లో పెడితేనే దాని గుట్టు తెలుస్తాది. ఇలా పట్టు, నేనూ ఒక సెయ్యేస్తాను."

నిజంగానే లేచి తెరని పట్టుకున్నాడు, తీగతో సహా.

గిరిబాబు ఆపలేక నవ్వేశాడు. "ఒగ్గెయ్యండి బాబూ, ఒగ్గెయ్యండి! ఇది మీ చీర కాదు. ఎండలో పెడితే మీ ముఖమే కనపడతాది అందులో. ఇది సీకట్లో సూడాల్సిన సరుకు. నలుపు నలుపుగా ఉన్నాదా, బూడిదలా ఉన్నాదా అన్నది సీకట్లోనే తేలతాది."

"అలాగా!" రంగనాథానికి ఇది నచ్చింది. ఏ వ్యాపారానికి ఆ పరీక్ష ఉంటుంది కదా. "అయితే సీకటి చెయ్యి. సూద్దాం."

"వద్దులెండి" అన్నాడు ప్రదీప్ చప్పున. "ఇలాగే బాగా తెలుస్తంది."

"నువ్వు ఊరుకో. కొనేది నేను."

గిరిబాబు షట్టర్ దించాడు. లైట్లు ఆర్పాడు.

మరీ కటికచీకటేమీ కాదు. షట్టర్ కింద జానెడు వెలుగు ఉంది. తెరల మసక వెలుతురు ఉంది. కన్యాకుమారికి గిరిబాబు మెడలో గొలుసు కూడా కనపడుతూనే ఉంది. మూడు తెరల మీదా ఏదో పాతకోట నేలమాళిగ బొమ్మ వచ్చింది.

"ఇందులో ఒకడు నక్కి ఉన్నాడు. ఎక్కడున్నాడో సెప్పండి. సెప్తే తెర మంచిదన్నమాట."

రంగనాథం కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగాడు. "అదిగో! ఎడమపక్క స్తంభం ఎనకాతల. నెత్తిన టోపీ కూడా ఉన్నాది. ఏటనుకున్నావు, ఏభై ఆరేళ్ళు నాకు!"

"అమ్మగారూ, మీకు?"

"కనపడింది బాబూ" అంది కన్యాకుమారి. కనపడకుండా ఉంటే ఎంత బాగుండును అనుకుంది. తనకీ కనపడకపోతే అప్పుడు తప్పు తెరదే అయ్యేది.

"నీకు బాబూ?"

ప్రదీప్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది బాలేదు. రెండోది."

రెండో తెర. చాలాసేపు.

"ఇదీ బాలేదు."

"అదీ ఇదీ ఒకే బొమ్మరా" అన్నాడు రంగనాథం. "నాకు మూడింట్లోనూ కనపడతన్నాడు."

గిరిబాబు మూడో తెర చివర మీట ఏదో నొక్కాడు, బొమ్మ కాస్త తేటపడింది. దాని ముందు ప్రదీప్ మెడ తిప్పి తిప్పి చూశాడు. చివరికి, "ఆ... ఉన్నాడు. కుడిపక్క, మెట్ల మీద" అని వేలు చూపించాడు.

అక్కడ మెట్లు లేవు. ఉత్త గోడ ఉంది.

గిరిబాబు రంగనాథం వంక చూసి, మళ్ళీ తెర వంక చూశాడు.

"నాటకాలాడతన్నావేట్రా?" రంగనాథం గొంతు లేచింది. "పెద్దది కొనిపించుకోడానికి ఏషాలా? అన్నీ బాలేవంటే ఏది బాగుంతాది నీకు? పదిమందిలో నా పరువు తియ్యడానికే పుట్టావురా నువ్వు!"

"నాకేం వద్దు. పదండి."

ప్రదీప్ లేచి గుమ్మం అనుకున్న వైపుకి నడిచాడు. అది గుమ్మం కాదు. కీబోర్డులు పెట్టిన స్టాండు మోకాలికి తగిలి, అట్టపెట్టెలు దబదబా కింద పడ్డాయి. వాడు అక్కడే ఆగిపోయి రెండు చేతులూ గాలిలోకి చాచాడు.

"గుడ్డి ఎదవా, సూసుకోవేటి!" అని తండ్రి అరిచాడు.

ఆ అరుపు పూర్తికాకముందే కన్యాకుమారి కొడుకు పక్కన ఉంది. ఎడమచెయ్యి వాడి మోచేతి కిందకి పోయింది. అరడుగు ముందు తను, వెనక వాడు. తేలిగ్గా, తొందర లేకుండా, ఎన్నో వందలసార్లు చేసిన పనిలాగా గుమ్మం వైపు నడిపించింది.

"మెట్టు ఉన్నాది అన్నయ్యా, సూసుకో" అంది.

గిరిబాబు లైటు వేశాడు. రంగనాథం భార్యనే చూస్తున్నాడు.

*

ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చారు. ప్రదీప్ లోపలి గదిలోకి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రంగనాథం కొట్టుకి పోలేదు. గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేస్తే కట్ చేశాడు. మూడు గంటలకి, వడ్డించిన అన్నం అలాగే ఉండగా, అడిగాడు.

"అన్నయ్యా అన్నావేటి వాడిని?"

"నోరు జారింది."

"నోరు జారింది సరే. సెయ్యి? అలా పట్టుకోడం ఎక్కడ నేర్సుకున్నావు?"

కన్యాకుమారి చెంబు అందుకుని గ్లాసులో నీళ్ళు పోసింది.

"మోహనకృష్ణకి కళ్ళు ఎలా పోయాయి?"

"సెప్పాను కదా."

"మళ్ళీ సెప్పు. నా కళ్ళలోకి సూసి సెప్పు."

ఆవిడ నోరు తెరిచింది. పాతికేళ్ళ కథ నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఈసారి రాలేదు. నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"టపాసు కాదండీ. ఏ టపాసూ పేలలేదు. ముందు రాత్రిళ్ళు పోయాయి, తర్వాత పక్కలు పోయాయి, తర్వాత అన్నీ పోయాయి. నాన్న అలా సెప్పమన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. సెప్పాను."

రంగనాథం కంచం పక్కకి జరిపాడు.

"నా కొట్లో చీరకి అరంగుళం మచ్చుంటే మడత ఇప్పి ముందర సూపించి, ఇష్టమైతే తీసుకోమ్మా అంటాను" అన్నాడు. గొంతు మెల్లగానే ఉంది. "మీ నాన్న నాకు మడత మీద మడతెట్టి ఇచ్చాడు."

"నన్ను చీరతో పోల్సకండి."

"మరి దేంతో పోల్సమంటావు? నా కొడుకు ఆ సీకట్లో గోడలు తడుముకుంటన్నాడే!"

"నాకు మాత్రం కొడుకు కాడా? నేనేటి తెలిసి కన్నానా?" కన్యాకుమారి తల ఎత్తింది. ముఖమంతా తడిసిపోయింది. "ఒక్కటి సెప్పండి. ఆనాడే నిజం సెప్పుంటే నన్ను చేసుకునేవారా?"

రంగనాథం ముఖం తిప్పుకున్నాడు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఎదురుచూసింది. ఎదురుచూసి, ఎదురుచూసి, ఆ మౌనమే జవాబని తెలుసుకుని తల దించుకుంది.

"ఆయన్ని అనకమ్మా."

గుమ్మంలో ప్రదీప్ నిలబడి ఉన్నాడు.

"నా కళ్ళ సంగతి నాకు ముందే తెలుసు" అన్నాడు. "రెండు నెలల కిందట జట్టువాళ్ళని కలవాలని వైజాగ్ వెళ్ళాను చూడు, వాళ్ళని కలవలేదు. కంటి ఆసుపత్రికి వెళ్ళాను. చీకటి గదిలో కూచోబెట్టి ఏవో లైట్లు వేశారు. ఎక్కడ లైటు వెలిగితే అక్కడ మీట నొక్కమన్నారు. సగానికి పైగా నొక్కలేదంట. వెలుగుతన్నాయని నాకు తెలిస్తే కదా."

"మందు?" అన్నాడు రంగనాథం.

"పోయింది తెచ్చే మందు లేదన్నారు."

"మరి తెలిసి తెలిసీ ఈ తెర గొడవేట్రా నాయనా? మూడు రోజులు తిండి మానేసి, దాన్ని గుద్ది..."

"కొత్తవాటిల్లో చీకటి చోట్లని తేటగా చేసి చూపించే సెట్టింగు ఉంటదంట నాన్నా. అది ఉంటే ఒక ఏడాది ఆడగలనేమో అనుకున్నాను. ఒక్క ఏడాది. ఐదుగురిలో ఒకడిగా." ప్రదీప్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అడుగుదామనుకునే లోపే మీరు షట్టర్ దింపించేశారు."

రంగనాథం లేచి కొడుకు దగ్గరికి వెళ్ళాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఎటువైపు నుంచి వేస్తే వాడు ఉలిక్కిపడడో తెలియక ఆగిపోయాడు.

"రేపొద్దున్నే పోదాం. ఆ సెట్టింగున్నదే కొందాం. ఎంత పెద్దదైనా కొంటాను."

"వద్దు నాన్నా. గిరిబాబుగారు అది తేటగా పెట్టే చూపించారు, మూడోదాంట్లో. చివర్న మీట నొక్కగానే ఆ సెట్టింగు పేరు తెర మీద వచ్చింది. అయినా కనపడలేదు." వాడు గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "ఆదివారం రానని జట్టువాళ్ళకి ఇందాకే మెసేజ్ పెట్టేశాను."

కన్యాకుమారి పాకుతున్నట్టే వచ్చి కొడుకు తలని ఒళ్ళోకి తీసుకుంది. "నాకెందుకు సెప్పలేదురా? రెండు నెలలు ఒక్కడివే మోశావా?"

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగారమ్మా" అన్నాడు వాడు, తల్లి ప్రశ్న విననట్టు. "మేనమామకి కళ్ళు పోయాయి గానీ అది టపాసు పేలి పోయాయండీ అని చెప్పాను. ఆయన రాసుకున్నారు."

ఆవిడ చెయ్యి కొడుకు జుట్టులోనే బిగుసుకుపోయింది.

"ఇంకోటి కూడా అన్నారు" అన్నాడు ప్రదీప్. "చెల్లి ఉందా అన్నారు. ఉందంటే, ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు. తోడబుట్టినవాళ్ళని చూడాల్సిందేనంట. నాకు చెప్పడం చేతకాలేదు."

"ఎప్పుడన్నారు?"

ముగ్గురూ తిరిగి చూశారు. సింధు కాలేజీ సంచీ భుజం నుంచి తియ్యకుండా వీధిగుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపైందో వచ్చి.

"రెండు నెలల కిందట" అన్నాడు ప్రదీప్.

"నీకేటీ ఉండదమ్మా" అంటూ కన్యాకుమారి లేచింది. "ఊరికే పరీక్షే. సోమవారం అందరం వెళ్దాం. నాన్న కూడా వస్తారు. ఊరికే సూపించుకుని..."

"నేను రాను."

"సింధూ" అన్నాడు రంగనాథం.

"రానన్నాను కదా. నన్ను అడక్కండి." ఆ పిల్ల ఏడవడం లేదు. మూడు రోజులుగా ఇద్దరి కోపాలూ మోసిన ముఖంలో ఇప్పుడు ఏమీ లేదు. తల్లిని దాటుకుంటూ తన గది దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యేసి ఆగింది.

"ఇన్నేళ్ళూ మమ్మల్ని తెలియకుండానే ఉంచావు కదమ్మా. నన్ను అలాగే ఉండనీ."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

కన్యాకుమారి వెళ్ళి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తెరువు తల్లీ అనాలి. రా, చూపించుకుందాం, ఏదైనా సరే తెలుసుకుందాం అనాలి. తన నోటితో ఆ మాట ఎలా అనాలో ఆవిడకి తెలియలేదు. తట్టకుండా అలాగే నిలబడిపోయింది.